రాయి తెలుసు, నీరు తెలుసు, పులి తెలుసు... మరి మనుషులో?

2025 ఫిబ్రవరి 22 ఉదయం నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం లోపల పైకప్పు కూలింది. ఎనిమిది మంది బురద, రాళ్లు, నీళ్ల కింద చిక్కుకుపోయారు. సైన్యం వచ్చింది. నౌకాదళం వచ్చింది. సింగరేణి కార్మికులు వచ్చారు. కేరళ నుంచి పోలీసు కుక్కలు వచ్చాయి. భూమి లోపలికి చూసే రాడార్లతో ఎన్జీఆర్ఐ శాస్త్రవేత్తలు వచ్చారు. రెండు నెలలు వెతికితే బయటికి వచ్చినవి ఇద్దరి మృతదేహాలు. ఆ ఎనిమిది మందిలో ఇద్దరు ఇంజనీర్లు, ఇద్దరు ఆపరేటర్లు, నలుగురు కూలీలు. నలుగురు కూలీలదీ జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా. జనాభాలో మూడింట రెండొంతులు ఆదివాసీలే ఉన్న జిల్లా అది.

ప్రమాదం మీద చర్చ అప్పట్లో రెండు పార్టీల మధ్య నడిచింది. ఎవరి హయాంలో పని ఆగింది, ఎవరి హయాంలో తొందరపడ్డారు అని. ఆ చర్చతో మాకు పని లేదు. పరిశోధక విద్యార్థులుగా మమ్మల్ని వేధించిన ప్రశ్న వేరు. ఆ సొరంగం ఉన్న చోట మూడు శాస్త్రాలు కలుస్తాయి. పైన పులుల అడవి. మధ్యలో వందల కోట్ల ఏళ్ల నాటి రాయి. ఆ రాయిని తొలిచి తీసుకుపోవాలనుకున్నది ఫ్లోరైడ్ పల్లెలకు నీరు. అడవి మీద పరిశోధన ఉంది, రాయి మీద ఉంది, నీటి మీద ఉంది. ఇంత పరిశోధన ఉన్న నేల మీద మనుషులు మాత్రం లెక్కలో లేకుండా ఎలా పోయారు?

ఒకే తలుపు ఉన్న సొరంగం

ముందు సంగతి చూద్దాం. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీటిని నల్లమల కింది నుంచి నల్గొండకు తేవాలన్నది ఈ పథకం. సొరంగం పొడవు సుమారు 44 కిలోమీటర్లు. దాదాపు 3 లక్షల ఎకరాలకు సాగునీరు, దారిలో ఉన్న ఫ్లోరైడ్ గ్రామాలకు తాగునీరు లక్ష్యం. 2005లో ఒప్పందం కుదిరింది. దోమలపెంట వైపు నుంచి ఒక యంత్రం, మన్నెవారిపల్లి వైపు నుంచి ఒక యంత్రం తొలుచుకుంటూ వచ్చి మధ్యలో కలవాలి. ఇరవై ఏళ్లు గడిచినా ఇంకా సుమారు తొమ్మిదిన్నర కిలోమీటర్లు మిగిలి ఉండగా ప్రమాదం జరిగింది. అప్పటికి దోమలపెంట ముఖద్వారం నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల పని నడుస్తోంది.

ఇంత పొడుగు సొరంగం తవ్వేటప్పుడు మామూలుగా మధ్య మధ్యలో పైనుంచి గానీ పక్క నుంచి గానీ దారులు తవ్వుతారు. గాలి ఆడటానికి, మట్టి తీయడానికి, ప్రమాదం జరిగితే మనుషులు బయటపడటానికి అవి కావాలి. ముందున్న రాయి ఎలాంటిదో తెలుసుకోవడానికి పైనుంచి బోర్లు వేసి నమూనాలు తీస్తారు. ఇక్కడ పైన ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అందుకే మధ్యలో దారులు లేవు. పైనుంచి రాతిని పరీక్షించే వీలూ అంతగా లేకపోయింది. లోపలికి పోయేదీ బయటికి వచ్చేదీ ఒకే తలుపు నుంచి. కూలిన చోట రాయి బలహీనంగా ఉందని, నీటి ఊట ఉందని 2020లోనే లోపల చేసిన ఒక పరీక్ష సూచించినట్టు ప్రమాదం తర్వాత పత్రికలు రాశాయి. ఆ కాగితం ఎవరి బల్ల మీద ఆగిందో గానీ లోపలికి దిగే కూలీ చేతికి మాత్రం రాలేదు. వచ్చినా అది అతనికి అర్థమయ్యే భాషలో ఉండదు.

2025 నవంబరులో ఎన్జీఆర్ఐ వాళ్లు హెలికాప్టర్‌కు పరికరాలు కట్టి నల్లమల మీద ఎగురుతూ రాతి పొరల సర్వే మొదలుపెట్టారు. ఒక్క చెట్టు కొట్టకుండా, పులికి ఇబ్బంది లేకుండా, నేల లోపల వందల మీటర్ల దాకా పగుళ్లూ నీటి జాడలూ పసిగట్టే విద్య అది. మంచిదే. కానీ ఆ విద్య అక్కరకు రావడానికి ముందు ఎనిమిది మంది పోవాల్సి వచ్చింది.

మేము పులికి వ్యతిరేకం కాదు. అడవిని తవ్వి పారేయమని అనడం లేదు. అడవిని కాపాడటం, కూలీ ప్రాణం కాపాడటం ఒకదానికొకటి పోటీ కాదు. రెండూ కుదరని చోట సొరంగం దారినే మార్చి ఉండాలి, లేదా వేరే పద్ధతి వెతికి ఉండాలి. అది ఇంజనీరింగ్ ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు దొరకనప్పుడు నష్టం ఎవరి మీద వేయాలన్నది మాత్రం ఇంజనీరింగ్ ప్రశ్న కాదు. మన దేశంలో దానికి జవాబు ముందే రాసిపెట్టి ఉంటుంది.

నల్గొండ రాయి చెప్పే కథ

సొరంగం ఎవరి కోసమో ఆ నల్గొండకు వద్దాం. ఫ్లోరైడ్ జబ్బు గురించి మన దేశంలో మొదట నమోదైన శాస్త్రీయ పరిశోధన తెలుగు నేల మీదిదే. 1937లో షార్ట్ అనే వైద్యుడి బృందం అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతంలో ఎముకలు బిగుసుకుపోతున్న మనుషులను చూసి, దానికి నీళ్లే కారణమని రాసింది. 1955లో నల్గొండ ఫ్లోరోసిస్ మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఇక్కడి పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి లాన్సెట్‌లో రాశారు. అదే దశకంలో నాగపూర్ నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేసింది. దానికి నల్గొండ పేరే పెట్టారు. ఆ 'నల్గొండ పద్ధతి' ఆఫ్రికా దేశాల దాకా పోయింది. జిల్లా పేరు ప్రపంచమంతా తిరిగింది గానీ జిల్లాకు నీళ్లు మాత్రం రాలేదు.

రాతిలో ఏం జరుగుతుందో తెలుసుకోవడం కష్టం కాదు. ఇక్కడి గ్రానైట్‌లో ఫ్లోరైట్, బయోటైట్, అపటైట్ లాంటి ఖనిజాలుంటాయి. వాటిలో ఫ్లోరిన్ ఉంటుంది. వాన నీరు నేలలోకి ఇంకి రాతి పగుళ్లలో ఎంత ఎక్కువ కాలం ఉంటే అంత ఫ్లోరైడ్ కరుగుతుంది. నీటిలో క్షార గుణం ఎక్కువై, కాల్షియం తగ్గితే ఇంకా కరుగుతుంది. గట్టి రాతి నేలల్లో పైన పదీ ఇరవై మీటర్ల మెత్తబడిన పొరలో నీరు నిలుస్తుంది. దాని కింద పగుళ్లలోనే దొరుకుతుంది. వెనకటి మోట బావులు పై పొరలో నీటిని తోడేవి. ఏటా వానకు ఆ నీరు మారేది. ఆ పొర ఎండిపోయాక ఆరేడు వందల అడుగుల బోర్లు వచ్చాయి. లోతుకు పోయిన కొద్దీ రాతితో ఎక్కువ కాలం కలిసున్న పాత నీరు పైకి వస్తోంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఫరవాలేదని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా తాగవచ్చని మన దేశ ప్రమాణం. ఆ గీత దాటిన బోర్లు మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు తరతరాలుగా తాగునీటి బోర్లే.

ఇక్కడిదాకా ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది. దొరకనిది దీని తర్వాతి సంగతి.

నీళ్లలో ఫ్లోరైడ్ అందరికీ ఒకటే. ఒంట్లోకి పోయాక ఒకటి కాదు. కాల్షియం, పాలు, మంచి తిండి ఉన్న ఒంటి మీద ఫ్లోరైడ్ దెబ్బ తగ్గుతుంది. తిండి తక్కువైన ఒంటి మీద పెరుగుతుంది. ఇది జాతీయ పోషకాహార సంస్థ దగ్గర నుంచి చాలామంది చెప్పిన మాటే. ఎండలో కూలి చేసే మనిషి నీడన కూర్చున్న మనిషి కన్నా రెట్టింపు నీళ్లు తాగుతుంది. అంటే అదే బోరు, అదే బిందె, కానీ కూలికి పోయే మాదిగ తల్లి ఒంట్లోకి చేరే ఫ్లోరైడ్ ఎక్కువ, దాన్ని తట్టుకునే శక్తి తక్కువ. డబ్బున్న ఇంట్లో ఇరవై లీటర్ల ఫిల్టర్ నీళ్ల క్యాను వస్తుంది. లేని ఇంట్లో ఆ క్యాను డబ్బుతో ఉప్పూ నూనే వస్తాయి. ఫ్లోరోసిస్‌ను 'రాతి జబ్బు' అనడం తేలిక. రాయి సగం కారణమే. మిగతా సగం ఎవరి ఇంట్లో పాలున్నాయి, ఎవరు ఎండలో ఉన్నారు అన్నదాంట్లో ఉంది.

మేము చదివిన భూగర్భ జల నివేదికల్లో జిల్లా ఉంటుంది, మండలం ఉంటుంది, బావి అక్షాంశ రేఖాంశాలుంటాయి, లోతు ఉంటుంది, పదీ పదిహేను రసాయనాల లెక్కలుంటాయి. ఆ బోరు ఊళ్లో ఉందా వాడలో ఉందా అన్న గడి ఒక్కదానిలోనూ కనిపించలేదు. జీపీఎస్ యంత్రం మీటర్లతో సహా చెబుతుంది, వాడ ఎక్కడ మొదలవుతుందో చెప్పదు. ఊరికి పోయిన ప్రతి పరిశోధకుడికీ ఆ హద్దు మొదటి రోజే తెలుస్తుంది. తెలిసీ రాయడు. ఎందుకంటే అది 'జియాలజీ' కాదు.

బావి దగ్గరికి నడవొచ్చు, బోరు దగ్గరికి?

నీటికి కులం లేదని అంటారు. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు దగ్గరికి అంబేద్కర్ వేల మందితో నడిచి వెళ్లింది ఆ మాట అబద్ధం కాబట్టే. 1985 జూలైలో కారంచేడులో గొడవ మొదలైంది మాదిగపల్లె తాగునీటి చెరువు దగ్గరే. పశువులకు పెట్టిన కుడితి కడిగి ఆ నీళ్లు చెరువులో పోయొద్దన్నందుకు దెబ్బలు, మర్నాడు ఊచకోత. 2022 డిసెంబరులో తమిళనాడు వేంగైవయల్‌లో దళితుల వాటర్ ట్యాంకులో మలం కలిపారు. చెరువు, బావి, ట్యాంకు ఏదైనా కథ ఒక్కటే.

అయితే ఈ మధ్య నలభై ఏళ్లలో ఇంకో మార్పు వచ్చింది. దానికి మనం ఇంకా పేరు పెట్టుకోలేదు. మహద్ చెరువు మునిసిపాలిటీది. అందరిదీ. కాబట్టి నడిచి వెళ్లి దోసిలి పట్టగలిగారు, కోర్టులో కొట్లాడగలిగారు. ఇవాళ తెలంగాణ, రాయలసీమ మెట్ట ఊళ్లలో సాగునీరు చెరువులో లేదు, నేల కింద ఉంది. నేల కింద నీరు ఎవరిది? 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం కాలం నుంచి నడుస్తున్న సూత్రం ప్రకారం పైన భూమి ఎవరిదో కింద నీరు వాళ్లది. దేశ జనాభాలో దళితులు 16.6 శాతం. సాగుభూమిలో వాళ్ల చేతిలో ఉన్నది పదో వంతు కూడా లేదు. భూమి లేనివాడికి నేల కింద నీటి మీద హక్కు పుట్టదు. ఆ నీటి దగ్గరికి ఏ ఊరేగింపు నడిచి వెళ్లాలి? అంటరానితనం చట్టం కింద బావి దగ్గర అడ్డుకున్నవాణ్ని పట్టుకోవచ్చు. ఆరు వందల అడుగుల లోతున పక్క చేను బోరు మన చేతిపంపు నీళ్లు లాగేస్తే ఏ సెక్షన్ కింద కేసు పెట్టాలి?

భూమి ఉన్న దళితుడి సంగతీ చూడాలి. ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి ఎక్కువగా ఎక్కడుంటుంది? గుట్ట వారన, రాళ్ల గరుకు మీద, చెరువుకు ఎగువన. అక్కడ మట్టి పొర పలచన. బోరు వేస్తే ఎండిపోయే అవకాశం ఎక్కువ. చెరువు కట్ట కింద నల్ల మట్టి, ఏటా ఊరే బావులు ఎవరివో చెప్పనక్కర్లేదు. హైడ్రాలజీ భాషలో చెప్పాలంటే గుట్ట వారన నేల నీటిని ఇంకించుకుంటుంది, పల్లపు నేల ఆ నీటిని తోడుకుంటుంది. ఊళ్లో ఇదే సంగతి పైన వాన మాది, కింద నీళ్లు వాళ్లవి అని అంటారు.

2002 వాల్టా చట్టం ప్రభుత్వ తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయకూడదంది. మంచి నిబంధన. వాడలో ఉన్న ఒక్క చేతిపంపును కాపాడగల నిబంధన. రాత్రికి రాత్రి రిగ్గు బండి వచ్చి పోయాక దాన్ని ఎన్ని మండల ఆఫీసుల్లో అమలు చేశారో మీ ఊళ్లో మీరే అడిగి చూడండి.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇంటి ఆవరణలోనే తాగునీరున్న ఇళ్లు 46.6 శాతం. దళితుల ఇళ్లలో అది సుమారు 35 శాతం. ఆ తర్వాత మిషన్ భగీరథ వచ్చింది, జల్ జీవన్ మిషన్ వచ్చింది. నల్గొండలో కృష్ణా నీళ్లు కుళాయికి వచ్చాక పరిస్థితి మారింది. పుట్టే పిల్లల కాళ్లు వంకర పోవడం తగ్గింది. ఇది కాదనలేని మాట, కాదనకూడదు కూడా. కానీ కుళాయి రాని రోజున, చేలో పనిచేసేటప్పుడు, పశువుకు పెట్టేటప్పుడు మళ్లీ బోరే దిక్కు. అప్పటికే వంగిపోయిన ఎముకలకు కుళాయి నీరు మందు కాదు. వాళ్లకు కావాల్సింది పింఛను, వైద్యం.

ఆ కుళాయి కూడా ఊరికే రాలేదని గుర్తు పెట్టుకోవాలి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపుతో నల్గొండ స్థానంలో 480 మంది పోటీకి నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. ఎన్నిక వాయిదా పడింది. ఆ ఏడాదే ప్రభుత్వం లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచింది. నీళ్లు అడిగితే నామినేషన్ రేటు పెంచారు.

యురేనియం కోసమైతే అడవి తలుపు తెరుచుకుంటుంది

ఇప్పుడు మళ్లీ నల్లమల ఎక్కుదాం. అమ్రాబాద్ నుంచి దేవరకొండ దాకా రాతి పొరలకు ఒక ప్రత్యేకత ఉంది. అడుగున గ్రానైట్. దాని మీద కోట్ల ఏళ్ల ఖాళీ తర్వాత పరుచుకున్న శ్రీశైలం క్వార్ట్‌జైట్. ఆ రెండూ కలిసే అతుకు దగ్గర యురేనియం పేరుకుంది. చిత్రియాల, లంబాపూర్, పెద్దగట్టు పేర్లు భూగర్భ శాస్త్ర పుస్తకాలకు ఎక్కింది అందుకే. లంబాపూర్, పెద్దగట్టు నాగార్జునసాగర్ జలాశయం పక్కన ఉన్న లంబాడీ పల్లెలు. 2003 ఆగస్టులో పులిచర్లలో బహిరంగ విచారణ పెడితే జనం వచ్చి వద్దన్నారు. గని రాలేదు.

2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా కమిటీ అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. సుమారు 4,000 బోర్లు వేస్తారన్నది ప్రతిపాదన. చెంచులు, విద్యార్థులు, రచయితలు, సినిమా వాళ్లు సైతం గొంతు విప్పారు. ఆ ఏడాది సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా వద్దని తీర్మానించింది.

ఒక్క క్షణం ఆగి ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూడండి. కూలీ బయటపడటానికి మధ్యలో ఒక దారి తవ్వాలంటే అడ్డొచ్చిన అడవిలోనే యురేనియం కోసం 4,000 బోర్లకు సూత్రప్రాయంగా సరే అన్నారు. అడవి ఒక్కటే. పులి ఒక్కటే. మారింది అవసరం ఎవరిదన్నదే.

అదే అడవి నుంచి చెంచులను బయటికి పంపే ప్రయత్నం ఇంకోవైపు నడుస్తోంది. 2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ రాష్ట్రాలకు లేఖ రాసింది. పులుల కోర్ ప్రాంతాల్లో ఇంకా 591 గ్రామాల్లో 64,801 కుటుంబాలున్నాయని, తరలింపు త్వరగా చేయాలని దాని సారాంశం. కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ. 2006 అటవీ హక్కుల చట్టం ఏమంటోంది? ముందు హక్కులు గుర్తించాలి. మనుషులుండటం వల్ల ఆ జంతువులకు కోలుకోలేని నష్టం జరుగుతోందని తేలాలి. కలిసి బతికే మార్గం లేదని నిర్ధారణ కావాలి. ఆపైన గ్రామసభ ఇష్టపూర్వకంగా ఒప్పుకోవాలి. అంటే చట్టమే పరిశోధన చేయమంటోంది. చెంచు గూడెం ఉండటం వల్ల ఫలానా చోట పులికి ఫలానా నష్టం జరిగిందన్న అధ్యయనం ఏదని అడిగే హక్కు ప్రతి చెంచు పెంటకూ ఉంది. కెమెరాలో పడిన పులుల లెక్క చూపిస్తే అది జవాబు కాదు. ఆ కెమెరాలు పెట్టిన దారి చూపింది ఎవరు? బేస్ క్యాంపుల్లో వాచర్లుగా కాపలా కాస్తున్నది ఎవరు? చాలా చోట్ల చెంచులే.

కొత్త ప్రమాదం ఇంకోటి ఉంది. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించి, ఖనిజాల కోసం చేసే సర్వే, అన్వేషణ పనులను కేంద్రం షరతులు పెట్టి 'అటవీయేతర పని' కాదనే వీలు తెచ్చారు. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. అర్థమేమిటంటే, పులిచర్లలో జనం మైకు ముందు నిలబడి వద్దన్న ఆ టెంటు ఇక వేయనక్కర్లేదు. దేశ రక్షణ పేరుతో తీసేసినది అడవి బిడ్డలకు, వాడ మనుషులకు దొరికే ఒకే ఒక్క మైకు.

కడప జిల్లా తుమ్మలపల్లిలో 2012 నుంచి యురేనియం గని నడుస్తోంది. బోర్ల నీళ్లు మారాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా చెబుతున్నారు. సంస్థ కాదంటోంది. ఎవరి మాట నిజమో తేల్చేది నీటి పరీక్షే. ఆ పరీక్ష చేయగలిగిన ప్రయోగశాల, ఆ లెక్క చదవగలిగిన మనిషి, ఆ కాగితం పట్టుకుని అడగగలిగిన సంఘం ఊరి వైపున లేకపోతే నిజం ఎటువైపున్నా గెలుపు ఒకవైపే ఉంటుంది.

సీసా పట్టుకునేది ఎవరు, పేరు రాసుకునేది ఎవరు

ఒక ఎండాకాలం నమూనాల కోసం నల్గొండ వైపు ఒక వాడకు పోయాం. చేతిపంపు దగ్గర సీసాలు కడుగుతుంటే ఒక అవ్వ కర్ర పట్టుకుని వచ్చి కూచుంది. మోకాళ్లు రెండూ వంగిపోయి ఉన్నాయి. "పోయినేడు గూడ గిట్లనే సీసలల్ల పట్కపోయిండ్రు బిడ్డా. అంతకు ముందటేడు గూడ. ఏమచ్చిందో ఎవ్వలు జెప్పలే. మీరన్న జెప్తరా?" అని అడిగింది. "చెప్తం అవ్వా" అన్నాం. ఫలితాలు వచ్చాయి. ఇంగ్లిషులో పట్టిక తయారైంది, సెమినార్‌లో చదివాం. మళ్లీ ఆ ఊరికి పోయి చెప్పడానికి మాకు ఏడాదిన్నర పట్టింది. నివేదికలో ఊరి పేరు కూడా లేదు. ఒక నమూనా నంబరుంది. తప్పు వేరేవాళ్లదని చెప్పుకోవడానికి లేదు, మాదే.

ఈ నేలకు శాస్త్రం కొత్త కాదు. చెరువు తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత పారాలో తరతరాలు చూసుకున్న నీరటికాళ్లు ఎక్కువగా మన మాల మాదిగ వాడల మనుషులే. రాతిని తాకి ఎక్కడ పగులుతుందో చెప్పేది వడ్డెర. అడుగు జాడ చూసి పులా చిరుతా, ఎప్పుడు పోయిందో చెప్పేది చెంచు. జలం తెలిసినవాడు, రాయి తెలిసినవాడు, జంతువు తెలిసినవాడు మన దగ్గరే ఉన్నారు. వాళ్లకు దక్కిన హోదాలు మాత్రం కూలీ, వాచర్, 'స్థానిక సహాయకుడు'. వ్యాసం చివర కృతజ్ఞతల్లో కూడా పేరు ఉండదు.

చదువుకుని ఆ తలుపు దాటిన వాళ్ల సంగతి చూడండి. 2023 జనవరిలో నేచర్ పత్రిక మన ఉన్నత సంస్థల లెక్కలు ప్రచురించింది. పెద్ద ఐఐటీల్లో, ఐఐఎస్సీలో ప్రొఫెసర్లలో దళిత, ఆదివాసీలు నామమాత్రం. ఫీల్డ్ పని చేసే శాస్త్రాల్లో ఇంకో చిక్కుంది. జీపుకు డబ్బు కావాలి, పరికరాలకు డబ్బు కావాలి, ఫెలోషిప్ ఆలస్యమైతే వానాకాలం పోతుంది, వానాకాలం పోతే ఒక ఏడాది డేటా పోతుంది. ఇంటి నుంచి తెచ్చుకోగలిగిన వాడి పరిశోధన సాగుతుంది. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మనం పోగొట్టుకున్న రోహిత్ వేముల లైఫ్ సైన్సెస్ నుంచి శాస్త్ర సాంకేతిక సమాజ అధ్యయనాల వైపు వచ్చిన పరిశోధకుడు. అతను ఉండి ఉంటే ఇలాంటి ప్రశ్నలే అడిగేవాడని అనుకుంటాం.

అంబేద్కర్‌ను రాజ్యాంగం దగ్గరే ఆపేస్తాం మనం. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసినప్పుడు నీటిపారుదల, విద్యుత్తు కూడా ఆయన చేతిలో ఉన్నాయి. ఇవాళ్టి కేంద్ర జల సంఘానికి పునాది 1945లో ఆయన హయాంలోనే పడింది. 1943 డిసెంబరులో ధన్‌బాద్ ప్రాంతపు బొగ్గు గనిలోకి స్వయంగా దిగి కార్మికులు ఎలా పనిచేస్తున్నారో చూసి వచ్చారు. నీటి విధానం రాసే మనిషి, గనిలోకి దిగే మనిషి ఒక్కరే అయిన సందర్భం అది. దోమలపెంట సొరంగం దారి నిర్ణయించిన ఫైలు మీద సంతకాలు పెట్టినవాళ్లలో ఎంతమంది ఆ పద్నాలుగో కిలోమీటరు దాకా పోయి ఉంటారు?

ఏం అడగాలి

విశ్లేషణ రాసి ఊరుకుంటే మేము కూడా సీసాలు పట్టుకుపోయిన వాళ్లమే అవుతాం. అందుకే కొన్ని అడుగులు, ఇప్పటికిప్పుడు వేయగలిగినవి.

నీటి పరీక్ష ప్రతి వాడలో విడిగా జరగాలి. ఫలితం తెలుగులో ఆ బోరు మీదే రాయాలి. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు పరీక్ష కిట్లు వాడటం నేర్పాలని ఉంది. ఆ ఐదుగురిలో వాడ మహిళలు ఎందరో పంచాయతీలో అడగండి. లేకపోతే పట్టుబట్టండి. కిట్ వాడటం పదో తరగతి చదివిన పిల్లకు ఒక పూటలో వస్తుంది.

వాడ చేతిపంపు చుట్టూ 250 మీటర్లు టేపు పట్టి కొలవండి. లోపల కొత్త బోరు పడి ఉంటే వాల్టా కింద ఫిర్యాదు రాయండి. చిన్న పనే. కానీ నేల కింద నీటిని అందరి ఆస్తిగా అడగడానికి ఇప్పుడున్న చట్టంలో దొరికే కొస అదే. భూమి హక్కు ఉద్యమంతో పాటు భూగర్భ జలాల మీద ఉమ్మడి హక్కు డిమాండ్ దళిత సంఘాల ఎజెండాలోకి రావాలి.

అన్వేషణ పేరుతో గానీ, పులుల పేరుతో గానీ చెంచు పెంటకు కాగితం వస్తే గ్రామసభ తీర్మానం లేకుండా ముందుకు పోనివ్వకూడదు. ఏ అధ్యయనం మీద ఆధారపడి అడుగుతున్నారో ఆ అధ్యయనాన్ని తెలుగులో ఇమ్మని రాతపూర్వకంగా కోరాలి. ప్రజాభిప్రాయ సేకరణ మినహాయింపును రెండు రాష్ట్రాల శాసనసభలు వ్యతిరేకించాలి. 2019లో ఒకసారి చేయగలిగిన తెలంగాణ సభ మళ్లీ చేయగలదు.

సొరంగం పని ముందుకు సాగాలంటే హెలికాప్టర్ సర్వే ఫలితాలు, భద్రతా ఏర్పాట్లు ముందు బయట పెట్టాలి. కార్మికుల భాషలో చెప్పాలి. ప్రమాద సూచన వచ్చినప్పుడు పని ఆపే హక్కు లోపల ఉన్నవాళ్లకు ఉండాలి.

ఇక మాలాంటి విద్యార్థులకు ఒక మాట. మీ థీసిస్ పట్టికలో ఒక గడి కలపండి. ఊరా, వాడా, తండానా, పెంటా? గైడ్ ఎందుకంటే, ఫ్లోరైడ్ ఒంట్లో ఎంత చేరుతుందన్నది తిండి మీద, కూలి మీద ఆధారపడుతుందని 1973 నుంచీ తెలిసిన శాస్త్రమేనని చెప్పండి. ఆ గడి లేని పట్టికే అశాస్త్రీయం.

ఆ అవ్వ దగ్గరికి రెండోసారి పోయినప్పుడు ఫలితం చెప్పాం. ఆ బోరు నీళ్లు గీత దాటాయని, తాగొద్దని. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మోకాళ్ల మీద చెయ్యి వేసి, "గది నాకెర్కనే బిడ్డా. గా కాయితం మీద నా పేరున్నదా?" అని అడిగింది.

మా దగ్గర ఆ ప్రశ్నకు అప్పుడు జవాబు లేదు. ఇప్పుడు మా పట్టికలో ఆ గడి ఉంది.